‘ఇంకోసారి నీళ్లలోకి దిగమ్మా’ అని తీసిన ఫోటో

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది కందుకూరు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫోటోలు తీయడం నా వృత్తి. ఖాళీ దొరికితే పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, చేపల రేవులు, తిరునాళ్లు తీస్తుంటాను. కిందటి మొహర్రం నెలలో నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లాను. స్వర్ణాల చెరువులో ఒక పెద్దావిడ ఇంకొకామె దగ్గర రొట్టె అందుకుంటుంటే ఆ ముఖం చూసి అలాగే నిలబడిపోయాను. కెమెరా ఎత్తేలోపే అయిపోయింది. ఆమె గట్టెక్కాక, "ఇంకోసారి నీళ్లలోకి దిగమ్మా, ఒక్క ఫోటో" అని అడిగాను. పాపం, దిగింది. రొట్టె ఇచ్చినామె వెళ్లిపోయింది కాబట్టి పక్కనున్న ఇంకొకామెను ఇవ్వమన్నాను. రొట్టె కూడా అప్పటికప్పుడు ఎవరినో అడిగి తెచ్చిందే. కొంగు తల మీద సరిగ్గా కప్పుకోమన్నాను. ఇంటికొచ్చాక వెనకాల ఒకతని చేతిలో ఉన్న సెల్‌ఫోన్, నీళ్ల మీద తేలుతున్న ప్లాస్టిక్ కవర్ కంప్యూటర్‌లో తీసేశాను. "మనవడి కోసం సంతాన రొట్టె అందుకుంటున్న తల్లి" అని పేరు పెట్టి డాక్యుమెంటరీ విభాగంలో పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది.

ఆ ఫోటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆమె కొడుక్కి చేరింది. నా నంబర్ వెతుక్కుని ఫోన్ చేశాడు. "మా అమ్మ పట్టుకుంది నా ఉద్యోగం కోసం. నాకు పెళ్లై ఏడాది కూడా కాలేదు. మీ ఫోటో చూసి ఊళ్లో అందరూ నా భార్యను అడగరాని మాటలు అడుగుతున్నారు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇది మోసమే అంటాడు నా ఫ్రెండ్. ప్రపంచంలో పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లు కూడా ఇలా చేశారని నేను చదివాను. ఆమె నిజంగానే రొట్టె పట్టుకుంది కదా, జరగనిది నేను చూపించలేదు కదా అని నా వాదన. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధితుల ఫోటోలు కావాలంటోంది. క్యాలెండర్ వేస్తారట, "చూడగానే గుండె కరగాలి" అన్నారు. అక్కడ ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు? బహుమతి వెనక్కి ఇచ్చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు ఆ ఇంటికి ఫోన్ చేయండి. బహుమతి, క్యాలెండర్ ఆ తర్వాత. అబ్బాయి ఫోన్ చేసినప్పుడు మాట రాలేదన్నారు కదా, ఇప్పుడు మీరే చేసి, ఆ పేరు మీరు ఊహించి పెట్టిందని, తప్పు పూర్తిగా మీదేనని చెప్పండి. వీలైతే ఊరికి వెళ్లి చెప్పండి. పెద్దావిడతోపాటు ఆ కోడలికి కూడా చెప్పండి. మీ కెమెరా ముందుకు రాకుండానే ఎక్కువ దెబ్బ తిన్నది ఆ అమ్మాయి. పెళ్లైన నాలుగు నెలలకే "ఏమన్నా విశేషమా" అని అడిగే ఊళ్లు మనవి. అలా అడిగేవాళ్ల చేతికి మీరొక ఫోటో ఇచ్చారు. వాట్సాప్‌లో వెళ్లిపోయిన దాన్ని వెనక్కి తేలేరు కానీ, అసలు సంగతి రాసి అదే గ్రూపుల్లోకి పంపగలరు. అలా పంపితే మేలా, ఇంకా గొడవ పెరుగుతుందా అన్నది మాత్రం వాళ్లనే అడగండి. వాళ్లు వద్దంటే మానేయండి. ఈసారి నిర్ణయం వాళ్లది.

ఇక మీ వాదన. ఆమె నిజంగానే రొట్టె పట్టుకుంది కదా అన్నారు. రొట్టెల పండగ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, అయినా చూడనివాళ్ల కోసం చెబుతాను. బారాషహీద్ దర్గా పక్కన చెరువులో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఒకప్పుడు ఒక కోరికతో అక్కడ రొట్టె పట్టుకున్నవాళ్లు, ఆ కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఇంటి కోసం ఒకటి, విదేశాలకు వెళ్లడానికి ఒకటి. హిందువులు, ముస్లింలు కలిసే దిగుతారు ఆ నీళ్లలోకి. ఇచ్చే మనిషికి కోరిక తీరిందన్న నమ్మకమే పుచ్చుకునే మనిషికి ఆధారం. మీరు మొదటిసారి ఆ పెద్దావిడ ముఖంలో చూసింది బహుశా దాన్నే. తన ఎదురుగా నిలబడ్డామె ఇంట్లో ఉద్యోగం వచ్చింది, మా ఇంట్లోనూ వస్తుంది అన్న ఆశ.

రెండోసారి ఎదురుగా నిలబడ్డామె ఎవరు? ఆమెకు ఏ కోరిక తీరింది? అసలు తీరిందా? మీకు తెలియదు, పెద్దావిడకూ తెలియదు. రొట్టె ఎవరిదో. మొదటిసారి జరిగినదాన్ని మళ్లీ జరిపించానని మీరనుకుంటున్నారు, నేను ఒప్పుకోను. మొదటిసారి ఇద్దరు మనుషుల మధ్య ఒక నమ్మకం చేతులు మారింది. రెండోసారి ఒక ఫోటోగ్రాఫర్ మాట కాదనలేక ఒక పెద్దావిడ తడి చీరతో మళ్లీ నీళ్లలోకి దిగింది. మీ ఫోటోలో ఉన్నది ఈ రెండోది. చూసేవాళ్లకు మీరు చెప్పింది మొదటిది అని.

మీరు చెడ్డ ఉద్దేశంతో చేశారని నేను అనుకోవడం లేదు. అది మీ చేతికి అలవాటైన పని. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంలో ఎవరో అడ్డం వస్తే, "ఇంకోసారి పెట్టండి సార్" అంటారు, పెళ్లికొడుకు మళ్లీ చెయ్యెత్తుతాడు. తలంబ్రాలు రెండు గుప్పిళ్లు ఎక్కువ పోయిస్తారు. అందులో తప్పేమీ లేదు. ఫోటో తీయించుకునేది వాళ్లు, డబ్బిచ్చేది వాళ్లు, ఆల్బమ్ చూసుకునేది వాళ్లు. ఎప్పుడు ఏం జరిగిందో వాళ్లకు తెలుసు. స్టూడియోలో "గడ్డం కొంచెం పైకి" అన్నా అంతే. అక్కడ మోసపోయేవాళ్లు ఎవరూ లేరు. చెరువు దగ్గర తీసిన ఫోటో అలాంటిది కాదు. దాన్ని చూసేవాడు ఎక్కడో ఉంటాడు, చెరువు చూసి ఉండడు, ఆ మనిషిని ఎరగడు. అతని దగ్గర మీ మాట తప్ప ఇంకే ఆధారం లేదు.

ఇక పెద్దవాళ్లూ చేశారన్న మాట. చేశారు, నిజమే. 1855లో రష్యాతో జరుగుతున్న క్రిమియా యుద్ధానికి వెళ్లిన బ్రిటన్ ఫోటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ ఒకే లోయను ఒకే చోటి నుంచి రెండుసార్లు తీశాడు. ఒకదాంట్లో దారి ఖాళీగా ఉంటుంది, ఇంకోదాంట్లో దారి మీద ఫిరంగి గుళ్లు పరిచి ఉంటాయి. గుళ్లను తర్వాత దారి మీదికి చేర్చారనే పరిశోధించినవాళ్లు తేల్చారు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం చనిపోయిన ఒక సైనికుణ్ణి మోసుకెళ్లి రాళ్ల చాటున పడుకోబెట్టి, పక్కన తుపాకీ ఆనించి ఇంకో ఫోటో తీసింది. అది బయటపడడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. పారిస్ వీధిలో ముద్దు పెట్టుకునే జంట అని ప్రపంచమంతా గోడలకు తగిలించుకున్న రాబర్ట్ డువానో ఫోటో 1950 నాటిది. ఆ ఇద్దరూ నటన నేర్చుకుంటున్నవాళ్లని, తాను అడిగితేనే ముద్దు పెట్టుకున్నారని 1993లో కోర్టు కేసు నడిచినప్పుడు గానీ ఆయన చెప్పలేదు. అయితే వీళ్లను తలుచుకుని మీరు ధైర్యం తెచ్చుకునే ముందు, అలా చేసినందుకు నష్టం ఎవరికి జరిగిందో చూడండి.

ఆర్థర్ రోత్‌స్టీన్ కథ చూద్దాం. 1936లో అమెరికాలో ఘోరమైన కరువు. ప్రభుత్వం తరఫున సౌత్ డకోటాలో ఫోటోలు తీస్తున్న ఈ కుర్రాడికి ఒక ఆవు పుర్రె కనిపించింది. దాన్ని కాసిని అడుగులు జరిపి బీటలు వారిన నేల మీద ఒకసారి, గడ్డి మీద ఒకసారి, ఇలా రకరకాలుగా తీశాడు. బీటల నేల మీది ఫోటో పేపర్లలో కరువుకు గుర్తుగా వచ్చింది. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది. పక్క రాష్ట్రంలోని ఒక పత్రిక పుర్రెను అటూ ఇటూ మార్చిన సంగతి పట్టుకుని, ఈ ఫోటో బూటకమని రాసింది. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యతిరేకులకు అంతకన్నా ఏం కావాలి? ఆ నేల ఎప్పుడూ అలాగే ఉంటుందని, కరువు గురించి ప్రభుత్వం చెప్పేదంతా ఇలాంటి నాటకమేనని ప్రచారం మొదలైంది. కరువు మాత్రం నిజం. పంటలు పోవడం నిజం, పశువులు చావడం నిజం, ఊళ్లకు ఊళ్లు ఖాళీ కావడం నిజం. ఒక్క పుర్రె కొన్ని అడుగులు జరిగినందుకు ఆ నిజమంతా అనుమానంలో పడింది. రోత్‌స్టీన్ ఆ తర్వాత చాలా ఏళ్లు పేరున్న ఫోటోగ్రాఫర్‌గానే బతికాడు. నష్టపోయింది రైతులు. కనిగిరికి బయల్దేరే ముందు ఈ కథ ఒకటికి రెండుసార్లు తలుచుకోండి.

అదే ఏడాది, అదే ప్రభుత్వ సంస్థ కోసం డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలో నిపోమో అనే చోట బఠాణీ కూలీల గుడారాల దగ్గర ఒక తల్లిని, పిల్లలను ఫోటో తీసింది. దాన్ని మీరూ చూసే ఉంటారు. చెయ్యి చెంపకు ఆనించుకుని ఎటో చూస్తున్న తల్లి, భుజాల మీద ముఖాలు దాచుకున్న పిల్లలు. ఆ ముఖంలో అబద్ధం లేదు. కానీ లాంగ్ ఆమె పేరు అడగలేదు. తిండి కోసం ఆ కుటుంబం కారు టైర్లు అమ్ముకుందని రాసింది. 1978లో ఆ తల్లి ఎవరో బయటికి తెలిసింది, పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. మేము టైర్లు అమ్మనే లేదు, కారు చెడిపోతే బాగుచేయించుకోవడానికి ఆగాం అని వాళ్ల కుటుంబం చెప్పింది. ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె అంది. అప్పటికి నలభై ఏళ్లకు పైగా ఆమె ముఖం పేదరికానికి బొమ్మగా పుస్తకాల్లో తిరుగుతోంది. ఫోటో నిజమైనదే అయినా కింద రాసిన నాలుగు మాటలు ఒక కుటుంబాన్ని అన్నేళ్లు బాధపెట్టాయి. మీ సంతాన రొట్టె ఇలాంటిదే. మీరు మళ్లీ నీళ్లలోకి దించడం కన్నా నాకు పెద్ద తప్పుగా కనిపించేది ఆ పేరే. "అమ్మా, ఏ రొట్టె పట్టుకున్నారు?" అని అడగడానికి అర నిమిషం చాలు. ఆమె మీ కోసం రెండోసారి నీళ్లలోకి దిగింది, ఆ ఒక్క మాట చెప్పదా? మీరు అడగలేదు. ఉద్యోగం కోసం వచ్చిన తల్లికన్నా మనవడి కోసం వచ్చిన తల్లి ఫోటోకు బాగుంటుందని అనిపించి ఉంటుంది.

సెల్‌ఫోన్, ప్లాస్టిక్ కవర్ తీసేయడం చిన్న విషయం అనుకుంటారు అందరూ. నేను అనుకోను. ఎడ్వర్డ్ కర్టిస్ అమెరికా ఆదివాసుల జీవితాన్ని వేల ఫోటోల్లో నమోదు చేసినవాడు. 1910 నాటి ఒక ఫోటోలో గుడారంలో ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు, మధ్యలో ఒక గడియారం ఉంది. అచ్చులో ఆ గడియారం మాయమైంది. ఆదివాసి దగ్గర గడియారం ఉంటే చూసేవాళ్ల ఊహకు సరిపడదు కదా. వాళ్లు తన కాలంలోనే, తనతో పాటే బతుకుతున్న మనుషులని చెప్పే ఒక్క వస్తువునీ చెరిపేశాడు. మీరు తీసిన సెల్‌ఫోన్ కూడా అలాంటిదే. రొట్టెల పండగ ఎప్పుడో పూర్వకాలంలో జరిగేది కాదు. ఒక చేత్తో రొట్టె పట్టుకుని ఇంకో చేత్తో ఇంట్లోవాళ్లకు వీడియో కాల్ చేసి చూపించేవాళ్లు ఉంటారు. అదే అసలైన ఫోటో అని నా ఉద్దేశం. ప్లాస్టిక్ కవర్ చెరువుకు అందం కాదు, కానీ చెరువులో ఉన్నదే. లక్షలమంది వచ్చిపోయే చెరువు ఎలా ఉంటుందో మున్సిపాలిటీ వాళ్లు కూడా చూడాలి కదా.

మరి ఏది చేయొచ్చు అని మీరడిగారు. గీత గీసి చెప్పమంటారు గానీ, అన్ని చోట్లా పనికొచ్చే గీత ఒకటి లేదు. నేను వాడే పద్ధతి చెబుతాను. పత్రికలో ఫోటోలు ఎంపిక చేసే పని చాలాకాలం చేసినదాన్ని, అక్కడ అలవాటైంది. ఫోటో తీయడానికి మీరు ఏం చేశారో, ఏం చేయించారో దాని కిందే రాయండి. రాసినా ఫోటో నిలబడితే ఇబ్బంది లేదు. రాస్తే ఫోటో పడిపోతుందనిపిస్తే, రాయకుండా దాచాలనిపిస్తే, అది పనికిరాని ఫోటో. మీ ఫోటోకు రాసి చూడండి: "రొట్టె పట్టుకుని గట్టెక్కిన ఒక తల్లిని ఫోటోగ్రాఫర్ మళ్లీ నీళ్లలోకి దించి, వేరొకామె చేత వేరే రొట్టె ఇప్పించి తీసిన ఫోటో." ఇలా రాస్తే బహుమతి వచ్చేదా? రాదని మీకు తెలుసు కాబట్టే రాయలేదు. ఇంకో రకంగా చూడండి. ఆమెను గట్టు మీదే నిలబెట్టి, రొట్టె చేతిలో పెట్టుకుని కెమెరా వైపు చూడమని తీసి, "కొడుకు ఉద్యోగం కోసం రొట్టె పట్టుకున్నానని చెప్పిన తల్లి, నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర" అని రాసి ఉంటే? అందులోనూ మీరు నిలబెట్టారు, చూడమన్నారు. కానీ దాచిందేమీ లేదు. మనిషి కెమెరాలోకి చూస్తుంటే, ఫోటో కోసం నిలబడ్డారని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. తడిసిన అంచు, చేతిలో రొట్టె, మీరు చెప్పిన ఆ ముఖం, అన్నీ అందులోనూ ఉండేవి.

వెలుతురు కోసం ఆగడం, చోటు మార్చుకోవడం, అనుమతి అడగడం, అంచులు కత్తిరించడం, మరీ చీకటిగా వస్తే కాస్త వెలుగు పెంచడం, వీటికి ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. మీరు ఉన్నందువల్ల జనం కాస్త మారడం కూడా సహజమే. కెమెరా చూసి పిల్లలు నవ్వుతారు, ఆడవాళ్లు కొంగు సర్దుకుంటారు. అది వాళ్లంతట వాళ్లు చేసింది, మీరు చేయించింది కాదు. తప్పిపోయిన క్షణం మాత్రం తప్పిపోయినట్టే. ఇది జీర్ణించుకోవడం పెళ్లి ఫోటోగ్రాఫర్లకు అందరికన్నా కష్టం, ఎందుకంటే మీ వృత్తిలో తప్పిపోతే డబ్బు రాదు. పండగ మళ్లీ వచ్చే మొహర్రంకి వస్తుంది. ఆ అబ్బాయికి ఈలోగా ఉద్యోగం వస్తే ఆ తల్లే రొట్టె ఇవ్వడానికి వస్తుంది. మీతో ఇంకా మాట్లాడుతుంటే, తీయమని ఆమే పిలవచ్చు.

ఇప్పుడు కనిగిరి. ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు ఎలా పాడవుతాయో మన దేశంలో మొదట వైద్య పత్రికకు ఎక్కింది మీ చుట్టుపక్కల ఊళ్ల నుంచే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా మీద ఆ వ్యాసం ప్రచురించారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. అంటే ఎనభై ఏళ్లకు పైబడిన కష్టం ఇది. ఎన్నో కెమెరాలు వచ్చి వెళ్లాయి. అక్కడి ముసలివాళ్లకు ఫోటో కోసం ఎలా కూర్చోవాలో కూడా తెలిసిపోయి ఉంటుంది. మీరు అడగకుండానే కర్ర పక్కన పెట్టి, వంగి చూపిస్తారు. అలా చూపిస్తే తీయకండి. కర్ర వాళ్ల చేతికి ఇచ్చి, వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వండి.

"గుండె కరగాలి" అన్న సంస్థవాళ్లు మిమ్మల్ని ఎక్కడికి లాగుతారో నేను ఊహించగలను. మొదట అడిగేది మురికినీళ్ల ఫోటో. బురదనీళ్లు దోసిట్లో పట్టి తాగే పిల్ల. అది అబద్ధం, అదీ ప్రమాదకరమైన అబద్ధం. ఫ్లోరైడ్ కంటికి కనబడదు. రంగు లేదు, వాసన లేదు. బోరులోంచి తేటగా వచ్చే నీళ్లలోనే అది ఉంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అది దాటిందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కాచినా పోదు. మీ క్యాలెండర్‌లో బురదనీళ్లు చూసిన తల్లి, "మా బోరు నీళ్లు అద్దంలా ఉన్నాయి, మాకేం భయం లేదు" అనుకుని పిల్లలకు అవే పోస్తుంది. గుండె కరిగించే ఫోటో ఒక ఇంట్లో పళ్లు పాడుచేస్తుంది. తీయాలంటే తేట నీళ్లే తీయండి. గ్లాసులో తేట నీళ్లు, పక్కన పరీక్ష చేసిన కాగితం, ఆ కాగితం మీది అంకె. దాన్ని చూసి ఎవరూ ఏడవరేమో గానీ, చదివినవాడు తన బోరు నీళ్లు పరీక్షకు పంపిస్తాడు.

రెండోది పళ్లు. చిన్నతనంలో పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితేనే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, అవి వాటంతట అవి పోవు. అందుకని ఫోటోగ్రాఫర్లు బడికెళ్లి పిల్లలను వరసగా నిలబెట్టి "ఈ అనండి" అంటారు. ఆడపిల్లలకు వద్దనాలని ఉన్నా టీచర్ ముందు అనలేరు. ఆ పిల్ల పేరు, ఊరు వేసి క్యాలెండర్ ఏడాది పొడవునా గోడకు వేలాడుతుంది. నాలుగేళ్ల తర్వాత పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ఇంట్లో కూడా అదే క్యాలెండర్ ఉండొచ్చు. ఒక కోడలి విషయంలో ఇప్పటికే ఏం జరిగిందో మీరు చూశారు. పళ్లు చూపించక తప్పదనుకుంటే ముఖం రాకుండా తీయండి, ఊరి పేరు వేయకండి. ఆ పిల్లనీ, ఇంట్లోవాళ్లనీ విడివిడిగా అడగండి.

మూడోది వంగిన నడుము. ఎముకల్లో ఫ్లోరైడ్ చేరాక జరిగేది వంకర ఒక్కటే కాదు. కీళ్లను పట్టి ఉంచే కట్లు (లిగమెంట్లు) గట్టిపడి వెన్ను బిగుసుకుపోతుంది. మెడ తిప్పలేరు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. కింద కూర్చుని అన్నం తినలేక మంచం అంచున కంచం పెట్టుకుంటారు. ఇది ఒక పూటలో దొరికే ఫోటో కాదు. ఆ ఇంట్లో తెల్లారేటప్పుడు ఉండాలి, నీళ్లు తెచ్చే వేళకు ఉండాలి. క్యాన్ నీళ్లు ఎవరు మోస్తున్నారు, ఎంతకు కొంటున్నారు, డబ్బు లేని రోజున బోరు నీళ్లే తాగుతున్నారా, వీటిలో ఏదీ ఎవరితోనూ నటింపజేయక్కర్లేదు. రోజూ జరుగుతున్నదే. మీకు కావాల్సిందల్లా అక్కడ ఉండడం.

ఇలాంటి జబ్బు మీద కుదిరించి తీసిన గొప్ప ఫోటో ఒకటుంది, దాన్ని దాటవేస్తే మీకు అన్యాయం చేసినట్టే. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. 1971లో అమెరికా ఫోటోగ్రాఫర్ యూజిన్ స్మిత్ అక్కడికి వెళ్లి ఉండిపోయాడు. అలా ఉంటూనే, తల్లి కడుపులోనే ఆ విషం సోకి పుట్టిన టొమోకో అనే అమ్మాయిని ఆమె తల్లి స్నానపు తొట్టిలో ఒళ్లో పెట్టుకుని ఉన్న ఫోటో తీశాడు. అది అనుకోకుండా దొరికింది కాదు. తల్లి ఒప్పుకుంది, వెలుతురు చూసి వేళ కుదుర్చుకున్నారు. ఆ తల్లి రోజూ చేయించే స్నానమే అది. మా కష్టం లోకానికి తెలియాలని ఆ కుటుంబం కోరుకుంది. 1972లో లైఫ్ అనే అమెరికా పత్రికలో వచ్చాక ప్రపంచానికి మినమాటా తెలిసింది. టొమోకో 1977లో చనిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పోస్టర్ల మీద, పుస్తకాల మీద బిడ్డ శరీరం కనబడుతుంటే తల్లిదండ్రులు తట్టుకోలేకపోయారు. 1998లో స్మిత్ మాజీ భార్య, ఆయనతో కలిసి అక్కడ పనిచేసిన ఐలీన్ స్మిత్, ఇక ఆ ఫోటోను కొత్తగా ఎక్కడా వాడనివ్వబోనని ఆ కుటుంబానికి మాట ఇచ్చింది. అంత గొప్ప ఫోటో విషయంలో కూడా చివరి మాట ఆ ఇంటివాళ్లదే అయింది. మీరు తీసే ఏ ఫోటో దానికన్నా గొప్పది కాదు, నేను చూసిన ఏ ఫోటో కూడా కాదు. కాబట్టి కనిగిరిలో ఎవరైనా ఇవాళ సరే అని రేపు వద్దంటే, క్యాలెండర్ అచ్చుకు వెళ్లే ముందు రోజైనా సరే, ఆ ఫోటో తీసేసే హక్కు వాళ్లకు ఉండాలి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ మన దేశంలోనే ఉంది. అలెస్సియో మామో అనే ఇటలీ ఫోటోగ్రాఫర్ ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ ఊళ్లకు ఒక బల్ల, దాని మీద నకిలీ వంటకాలు తీసుకెళ్లాడు. పేదవాళ్లను ఆ బల్ల ముందు నిలబెట్టి, కళ్లు మూసుకుని మీకిష్టమైన తిండి ఊహించుకోండి అన్నాడు. 2018లో ఆ ఫోటోలు, వార్తా ఫోటోలకు అంతర్జాతీయ పోటీ జరిపే వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చాక అన్ని దేశాల నుంచీ జనం మండిపడ్డారు. ఆయన ఏమీ దాచలేదు, ఎలా తీశాడో చెప్పే తీశాడు. అయినా తప్పే. కింద నిజం రాయడం ఒక్కటే సరిపోదు. ఎదుటి మనిషి చేత మీరు ఏం చేయించారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఆకలితో ఉన్నవాడి చేత ఆకలి నటింపజేయడం, నడవలేనివాడి చేత కర్ర పక్కన పెట్టించడం, ఏ మాట రాసినా సరికావు.

బహుమతి వెనక్కి ఇవ్వాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బెల్జియంలోని షార్లరువా ఊరి మీద చేసిన ఫోటోలకు మొదటి బహుమతి ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నారు. వాటిలో ఒక ఫోటో ఆ ఊళ్లో కాకుండా బ్రస్సెల్స్‌లో తీసిందని తేలడమే కారణం. చోటు తప్పు రాస్తేనే అంత పనైంది. మీరు రొట్టె ఇచ్చే మనిషిని, రొట్టెను, కోరికను మార్చారు, చెరువులో ఉన్నదాన్ని చెరిపారు. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకండి. పోటీ జరిపినవాళ్లకు ఉత్తరం రాయండి. మార్చని అసలు ఫైలు జత చేయండి. ఏం చేయించారో, ఏం చెరిపారో, పేరు ఎలా పెట్టారో వరసగా రాయండి. క్షమాపణ ఒక వాక్యం చాలు. మీ వెనక రెండో స్థానంలో ఎవరో ఉన్నారు, ఆ మనిషి బహుశా తప్పిపోయిన క్షణాన్ని తప్పిపోనిచ్చి వచ్చినవాడు. ఆ తల్లి పేరు, ఊరు మాత్రం ఆ ఉత్తరంలో రాయకండి.

సంస్థవాళ్లకు ఒప్పుకునే ముందు మూడు మాటలు కాగితం మీద పెట్టించుకోండి. ఎవరినీ వంగమని, ఏడవమని, కర్ర వదలమని అడగను. ప్రతి ఫోటో కింద రాసేది ఆ మనిషికి తెలుగులో చదివి వినిపించి, సరేనన్నాకే అచ్చు వేయాలి. వద్దన్న రోజున తీసేయాలి. ఒప్పుకుంటే వెళ్లండి. ఒప్పుకోకపోతే ఆ పని వదిలేసి, మీ అంతట మీరు వెళ్లండి. కందుకూరు నుంచి కనిగిరి ఎంతో దూరం లేదు, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో మీకు తీరిక కూడా ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా సంచిలోనే ఉంచి, ఆ ఊరి నీళ్లు ఎక్కడ పరీక్ష చేయించారో, కాగితం ఎవరి దగ్గర ఉందో కనుక్కుని రండి.